మెంఫిస్‌లో ఒక ఏటవాలు నేల

డాలస్ నుంచి మెంఫిస్‌కి కారులో ఏడు గంటల పైమాటే. బావ వచ్చింది ఎల్విస్ ఇల్లు చూడ్డానికి. నేను బయల్దేరింది మెక్‌లెమోర్ అవెన్యూలోని స్టాక్స్ అనే పాత సోల్ పాటల రికార్డు కంపెనీ మ్యూజియం కోసం. ముందు నాది, తర్వాత నీది అని ఒప్పందం. లిటిల్ రాక్ దాటేదాకా అతనికి నిద్ర, నాకు పాటలు.

అమెరికా నల్లవాళ్ల సోల్ సంగీతం నాకు హిప్-హాప్ వల్లే తెలిసింది. ఊ-టాంగ్ క్లాన్ 'క్రీమ్' పాటలో ఆగకుండా తిరిగే పియానో ముక్క కాలేజీ రోజుల్లో మా గదిలో మోగుతూనే ఉండేది. అది 1967లో చార్మెల్స్ అనే అమ్మాయిల బృందం పాడిన పాటలోదని, రాసింది ఐజాక్ హేస్, డేవిడ్ పోర్టర్ అని, విడుదల చేసింది స్టాక్స్ వాళ్లేనని చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ కూపీ లాగుతూనే 'వాట్‌స్టాక్స్' డాక్యుమెంటరీ దాకా వెళ్లాను. 1972 ఆగస్టులో లాస్ ఏంజలెస్ కొలీజియంలో జరిగిన స్టాక్స్ కచేరీ మీద తీసింది అది. టికెట్ ఒక్క డాలర్, జనం లక్ష. నాకైతే అందులో పాటల కన్నా మధ్యమధ్యలో ఆ ఊళ్లోని నల్లవాళ్ల పేట వాట్స్ వీధుల జనం చెప్పుకునే కబుర్లే ఎక్కువ ఇష్టం.

అసలు స్టూడియోని 1989లో కూల్చేశారు. అదే స్థలంలో మ్యూజియం కట్టి 2003లో తెరిచారు. కొత్త కట్టడమేగా అని పెద్దగా ఆశ పెట్టుకోలేదు. కానీ స్టూడియో గదిలో అడుగు పెట్టగానే నేల ముందుకి జారుతున్నట్టు అనిపించింది. పాత స్టూడియో అంతకుముందు సినిమా హాలు. స్టాక్స్ పెట్టిన జిమ్ స్టూవర్ట్, ఆయన అక్క ఎస్టెల్ ఆక్స్‌టన్ 1960లో అద్దెకు తీసుకుని సీట్లు పీకించారు గానీ నేల చదును చేయించలేదు, చేతిలో డబ్బుల్లేక. స్టాక్స్ పాటల్లోని ఆ బరువైన మోతకి ఈ వాలే కారణమంటారు. కొత్తగా కట్టినప్పుడూ వాలు అలాగే ఉంచారు. ఆ చివరి నుంచి ఈ చివరికి ఊరికే అటూ ఇటూ నడిచాను. గార్డు నవ్వాడు. నాలాంటి వాళ్లని రోజూ చూస్తాడనుకుంటా.

హాల్లో తినుబండారాల కౌంటర్‌ని ఎస్టెల్ రికార్డుల కొట్టుగా మార్చింది. కొత్త పాట పెట్టి, పేట కుర్రాళ్లు ఊగుతున్నారా లేదా అని గమనించేదట. నన్నడిగితే కంపెనీకి అసలు చెవులు ఆవిడే.

బావ మాత్రం ఐజాక్ హేస్ కాడిలాక్ కారు దగ్గరే పూర్తిగా మేలుకున్నాడు. నెమలి నీలం రంగు, బంగారు తొడుగులు, పెళ్లికొడుకులా ముస్తాబై గుండ్రంగా తిరుగుతోంది. "లోపల టీవీ కూడా ఉందిరా!" అని వీడియో కాల్‌లో అక్కకి చూపించాడు.

సాయంత్రం లొరెయిన్ మోటెల్‌కి వెళ్లాం. తెల్లవాళ్లూ నల్లవాళ్లూ ఒకచోట కూర్చుని భోంచేసే వీలు అరుదైన ఊళ్లో స్టాక్స్ వాళ్లు కలుసుకున్నది ఇక్కడే. స్టాక్స్ గాయకుడు ఎడ్డీ ఫ్లాయిడ్, గిటారిస్టు స్టీవ్ క్రాపర్ 'నాక్ ఆన్ వుడ్' పాట రాసింది ఇక్కడి గదిలోనే. 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ని కాల్చింది కూడా ఇక్కడి బాల్కనీలోనే. ఇప్పుడది పౌరహక్కుల మ్యూజియం.

హోటల్‌కి వెళ్తుంటే ఆ పాట పెట్టమని బావే అడిగాడు. స్టీరింగ్ మీద దరువేస్తూ, "గిటార్ తెల్లాయనా?" అన్నాడు. అవును, క్రాపర్. డ్రమ్స్ మీద నల్లాయన, అల్ జాక్సన్. "అయితే ఆ డ్రమ్స్ ఇంకోసారి వినిపించు" అన్నాడు.