కారులో పిస్టల్: "పర్మిట్ అక్కర్లేదు" అనేవాళ్ళు చెప్పని సంగతి

"టెక్సస్‌లో కారులో పిస్టల్ పెట్టుకోవడానికి లైసెన్స్ దేనికండీ?" అని ఇప్పటికీ నన్ను అడిగేవాళ్ళున్నారు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను, పోలీస్ స్టేషన్‌లో జరిగినదానికి నా కడుపు మంట ఇంకా చల్లారకముందే.

డాలస్ దగ్గర మాదొక చిన్న గ్యాస్ స్టేషన్. రాత్రి షాపు కట్టేసి, ఆ రోజు క్యాష్ పట్టుకుని ఒక్కడినే ఇంటికి రావాలి. మా రోడ్డులోనే ఇంకో షాపతన్ని తుపాకీ చూపించి దోచుకున్నాక మా ఆవిడకి నిద్ర పట్టడం మానేసింది. నేను సిటిజన్‌ని కాబట్టి కొనడానికి ఇబ్బందేమీ కాలేదు. ఫారం నింపాను, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయింది, తెచ్చుకున్నాను.

రాష్ట్ర చట్టం కూడా తేలిగ్గానే అర్థమైంది. సొంత కారులో, బయటికి కనపడకుండా, పర్మిట్ (అంటే లైసెన్స్) లేకుండా పిస్టల్ ఉంచుకోవడానికి 2007 నుంచే వీలుంది. 2021 సెప్టెంబర్ 1 నుంచి, 21 ఏళ్ళు నిండి చట్టపరంగా నిషేధం లేనివాళ్ళు కారు బయట కూడా లైసెన్స్ లేకుండా పెట్టుకు తిరగొచ్చు. కారులో బయటికి కనపడేలా ఉంటే మాత్రం హోల్‌స్టర్‌లో, అంటే తుపాకీ ఒరలో ఉండాలి.

చిక్కంతా మా షాపు ఉన్న చోటుతో వచ్చింది. రోడ్డుకి అవతల ఎలిమెంటరీ స్కూల్ ఉంది. స్కూలుకి వెయ్యి అడుగుల లోపల తుపాకీ ఉంటే ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ చట్టం కింద కేసు అవుతుందని ఒక కస్టమర్ మాటల్లో అన్నాడు. తుపాకీ అమ్మిన షాపులో అడిగితే, "ఆ చట్టాన్ని సుప్రీం కోర్టు ఎప్పుడో కొట్టేసింది, హాయిగా వెళ్ళు" అన్నారు. అంత ధీమాగా చెప్పినా నాకు నమ్మకం కుదరక, నేరుగా పోలీసులనే అడుగుదామని స్టేషన్‌కి వెళ్ళాను. పిస్టల్ ఇంట్లో పెట్టే వెళ్ళాను.

అద్దం వెనక ఉన్న ఆఫీసర్ నా ప్రశ్న పూర్తిగా వినలేదు. "స్కూలు", "తుపాకీ" అన్న రెండు మాటలు చెవిన పడగానే, "ఇప్పుడు నీ దగ్గర ఆయుధం ఉందా?" అని గట్టిగా అడిగాడు. లేదన్నాను. ఐడీ తీసుకుని, పక్కన కూర్చోమన్నాడు. వరుసలో ఉన్నవాళ్ళందరూ నా వైపే చూస్తున్నారు. ఒకావిడ తన బిడ్డని అటువైపుకి లాక్కుంది. చాలాసేపటికి లోపల్నుంచి ఇంకొకతను వచ్చి, "స్కూలు గురించి నీకెందుకంత ఆసక్తి?" అన్నాడు. నా పిల్లలు చదివింది ఆ స్కూల్లోనే. అదే చెప్పాను. షాపు అడ్రసు చెప్పాను. అంతా రాసుకుని, ఐడీ తిరిగిచ్చి, "మేం చట్టం మీద సలహాలివ్వం, లాయర్‌ని అడుగు" అన్నాడు. ఆ ఒక్క ముక్క మొదట్లోనే చెప్పొచ్చుగా! చట్టం పాటిద్దామని అడగడానికి వచ్చినవాణ్ణి అనుమానించి కూర్చోబెడితే, రేపు ఎవడొచ్చి అడుగుతాడు? తెలియకుండానే తిరుగుతారు. పాతికేళ్ళుగా ఈ ఊళ్ళో పన్ను కడుతున్నాను. ఆ రాత్రి అన్నం సయించలేదు.

లాయర్ ఫీజు తీసుకుని, "పరిస్థితిని బట్టి ఉంటుంది" అని పంపించాడు. నా డబ్బు అక్కడ దండగ.

చివరికి విషయం విడమర్చి చెప్పింది తుపాకీ లైసెన్స్ క్లాసు చెప్పే ఇన్‌స్ట్రక్టర్, ఒక రిటైర్డ్ పోలీసాయన. ఆ చట్టం 1990లో వచ్చింది. శాన్ ఆంటోనియోలో స్కూలుకి తుపాకీ తెచ్చిన లోపెజ్ అనే విద్యార్థి కేసులో 1995లో సుప్రీం కోర్టు దాన్ని కొట్టేసింది, నిజమే. కానీ 1996లో అమెరికా కాంగ్రెస్, అంటే ఇక్కడి పార్లమెంటు, దాన్ని సవరించి మళ్ళీ తెచ్చింది. తుపాకీ షాపతను చెప్పింది సగం కథ. ఇప్పటికీ అది అమల్లో ఉంది. ఐదేళ్ళ దాకా జైలు పడొచ్చు. మినహాయింపులున్నాయి: స్కూలుది కాని ప్రైవేటు స్థలం, అంటే నా షాపు లోపల ఫరవాలేదు. తుపాకీ అన్‌లోడ్ చేసి తాళం వేసిన పెట్టెలో ఉంచినా ఫరవాలేదు. లేదా ఆ స్కూలున్న రాష్ట్రమే ఇచ్చిన లైసెన్స్ ఉండాలి. అంటే పర్మిట్ అక్కర్లేదని రాష్ట్రం చెప్పినా, షాపు ముందు రోడ్డెక్కగానే పర్మిట్ లేని నేను ఫెడరల్ చట్టం దృష్టిలో నేరస్థుణ్ణే. మన ఊళ్ళలో స్కూలు పక్కనుంచి పోని రోడ్డెక్కడుంది?

అందుకే లైసెన్స్ తీసుకున్నాను. నలభై డాలర్ల ఫీజు, వేలిముద్రలు, రాత పరీక్ష, షూటింగ్ పరీక్ష. షూటింగ్‌లో 50 రౌండ్లకి 250 పాయింట్లు, 175 వస్తే పాస్. నాకు 250కి 250 వచ్చాయి. క్లాసులో నాతోపాటు ఉన్న కుర్రాళ్ళెవరికీ రాలేదు!

మన పిల్లలకి ఇంకో మాట. హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1 వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ కలిగి ఉండటమే ఫెడరల్ నేరం. హంటింగ్ లైసెన్స్ లాంటి కొద్దిపాటి మినహాయింపులే ఉన్నాయి. షూటింగ్ రేంజ్‌కి వెళ్ళి తుపాకీ పట్టుకుని ఫొటోలు పెట్టే కుర్రాళ్ళని చూస్తే నా గుండె దడదడలాడుతుంది. అమ్మానాన్నలు పొలం అమ్మి పంపించారు నాయనా, వీసా పోయే పని చెయ్యకండి. మీ స్నేహితుడికి కొనే హక్కున్నా సరే, అతని కారులో ఉన్న పిస్టల్‌ని సరదాకి కూడా చేతిలోకి తీసుకోకండి.

మా బావగారిది ఓక్లహోమా. 2019 నవంబర్ నుంచి అక్కడా పర్మిట్ అక్కర్లేదు. కానీ నా లైసెన్స్ కార్డు టెక్సస్‌ది, అక్కడి స్కూళ్ళ దగ్గర ఆ మినహాయింపు నాకు వర్తించదు. అందుకని వాళ్ళింటికి వెళ్ళేటప్పుడు పిస్టల్ అన్‌లోడ్ చేసి, తాళం పెట్టెలో, డిక్కీలో పెడుతున్నాను. తాళం వేసి ఉన్నా గ్లోవ్ బాక్స్‌లో మాత్రం పెట్టను. రాష్ట్రాలు దాటి తీసుకెళ్ళేవాళ్ళకి రక్షణ ఇచ్చే 1986 నాటి ఫెడరల్ చట్టం గ్లోవ్ బాక్స్‌నీ, సీట్ల మధ్య ఉండే కన్సోల్‌నీ తాళం పెట్టె కింద లెక్కలోకి తీసుకోదు.