రిపోర్టు ఆరో రోజే వచ్చింది

పెద్దపేగులో కుడివైపు భాగం తీసేసిన ఆపరేషన్ నుంచి తేలిగ్గానే కోలుకున్నాను. తీసిన 21 లింఫ్ గ్రంథుల్లో రెండింటిలో క్యాన్సర్ కణాలున్నాయని పేథాలజీ రిపోర్టు చెప్పింది. అంటే మూడో దశ. (కనీసం 12 గ్రంథులు చూస్తేనే ఆ లెక్కను నమ్మొచ్చు. మీ రిపోర్టులో ఆ అంకె ఎంతుందో చూసుకోండి.) డీఎన్ఏలో తప్పులు సరిదిద్దే ఎమ్ఎమ్ఆర్ ప్రోటీన్లు నాలుగూ మామూలుగానే ఉన్నాయి కాబట్టి, వంశపారంపర్యంగా క్యాన్సర్లు తెచ్చే లించ్ సిండ్రోమ్ అనుమానం చాలావరకు తగ్గింది. ఎక్కడైనా కణాలు మిగిలి ఉంటే వాటిని చంపడానికి కీమో కావాలి. నా కాళ్ల నరాల్లో ముందునుంచీ తిమ్మిరి ఉండటంతో నరాలను దెబ్బతీసే ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందు వద్దనుకుని, కాపెసిటబైన్ మాత్రలు మాత్రమే రాశారు. 14 రోజులు వేసుకుని 7 రోజులు ఆపితే ఒక సైకిల్. అలాంటివి ఎనిమిది.

ఎత్తు, బరువు బట్టి నా ఒంటి వైశాల్యం 1.6 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు 1250 మి.గ్రా. చొప్పున పూటకు 2000 మి.గ్రా. 500 మి.గ్రా. మాత్రలు పొద్దున నాలుగు, రాత్రి నాలుగు, తిన్న అరగంటలోపు. కిడ్నీలు కూడా చూశారు. కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే క్రియాటినిన్ క్లియరెన్స్ నిమిషానికి 30 నుంచి 50 మి.లీ. మధ్య ఉంటే ఈ మోతాదును ముప్పావుకు తగ్గిస్తారు, 30 కన్నా తక్కువుంటే ఈ మందే ఇవ్వరు. నాది బాగానే ఉంది. ఎత్తు, బరువు, కిడ్నీ చూసి మందు మొదలుపెట్టారు. ఈ మందును నా ఒళ్లు తట్టుకుంటుందో లేదో చెప్పే జన్యు పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగలేదు.

కాపెసిటబైన్ ఒంట్లోకి వెళ్లాక ఫ్లోరోయురాసిల్‌గా మారుతుంది. 1957లో బయటికొచ్చిన పాత మందు అది. క్యాన్సర్ కణాల్లో డీఎన్ఏ తయారీని అడ్డుకుంటుంది. దాంతోపాటు నోటి పొర, పేగు పొర, ఎముక మూలుగ లాంటి చోట్ల రోజూ కొత్తగా పుట్టే మామూలు కణాలనూ దెబ్బతీస్తుంది. అయినా మనిషి తట్టుకుంటున్నాడంటే అది కాలేయంలోని డీపీడీ అనే ఎంజైమ్ చలవే. లోపలికెళ్లిన ఫ్లోరోయురాసిల్‌లో 80 శాతానికి పైగా ఈ ఎంజైమే విరగ్గొట్టేస్తుంది. దాన్ని తయారుచేసే జన్యువు పేరు డీపీవైడీ, ఉండేది ఒకటో క్రోమోజోమ్ మీద. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, రెండు కాపీలుంటాయి. ఒకటి బలహీనమైతే మందు రక్తంలో ఉండాల్సిన దానికన్నా ఎక్కువసేపు నిలుస్తుంది. రెండూ పని చేయకపోతే మొదటి సైకిల్‌లోనే ప్రాణం పోవచ్చు.

నాకు ఎనిమిదో రోజు నాలుక అంచున మంట మొదలైంది. తొమ్మిదో రోజుకి నోరంతా పూత, గుక్కెడు నీళ్లు మింగాలన్నా భయం. సాయంత్రానికి విరేచనాలు పట్టుకున్నాయి. లోపెరమైడ్ మొదట 4 మి.గ్రా., తర్వాత వెళ్లినప్పుడల్లా 2 మి.గ్రా. వేసుకున్నా ఆగలేదు. పదో రోజు పొద్దున మాత్రలు వేసేసుకుని, ఆ తర్వాత కీమో వార్డుకు ఫోన్ చేశాను.

"మామూలు కన్నా ఎన్నిసార్లు ఎక్కువ వెళ్లారండీ?" అని అడిగింది నర్సు.

"రాత్రి నుంచి తొమ్మిదిసార్లు సిస్టర్."

"ఇంక మాత్రలు వేసుకోకండి. ఒక్కటి కూడా వద్దు. వెంటనే బయల్దేరి వచ్చేయండి."

ఆవిడ అడిగిన పద్ధతే సరైనది. మొత్తం ఎన్నిసార్లని కాదు, రోజూ కన్నా ఎన్ని ఎక్కువని లెక్కపెట్టాలి. నాలుగు నుంచి ఆరు ఎక్కువైతే తీవ్రతలో రెండో గ్రేడు, ఏడు లేదా అంతకు పైనైతే మూడో గ్రేడు. రెండో గ్రేడులోనే మాత్రలు ఆపి ఫోన్ చేయాలి. నేను ముందురోజు సాయంత్రమే చేసుంటే పూటకు నాలుగు చొప్పున రెండు పూటల మాత్రలు తప్పేవి.

పన్నెండో రోజు, ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలైన న్యూట్రోఫిల్స్ 180కి పడిపోయాయి. 500 కిందికి దిగితే నాలుగో గ్రేడు. జ్వరం 38.6 డిగ్రీల సెల్సియస్. నరంలోకి యాంటీబయాటిక్స్, సెలైన్, పొటాషియం, కణాలు పెరగడానికి ఫిల్‌గ్రాస్టిమ్ ఇచ్చారు. ఈ మందుకు విరుగుడు ఒకటుంది, యూరిడిన్ ట్రైఎసిటేట్. అమెరికాలో 2015లో అనుమతి వచ్చింది. పెద్దవాళ్లకు 10 గ్రాముల చొప్పున ఆరు గంటలకోసారి 20 మోతాదులు. చివరి కీమో మాత్ర వేసుకున్న 96 గంటల్లోపు మొదలుపెట్టాలి. నేను చేరిన చోట నిల్వ లేదు, తెప్పించేలోపు గడువు దాటిపోతుందని తేలింది. కీమో ఇచ్చే ప్రతి చోటా దాన్ని దాచి ఉంచలేకపోవచ్చు. కానీ ఎక్కడ నిల్వ ఉంది, ఎన్ని గంటల్లో వస్తుంది, ఎవరికి ఫోన్ చేయాలి అన్న మూడు ముక్కలు వార్డు గోడ మీద రాసి ఉండాలి. ఆ కాగితం లేక గంటలు వృథా అవుతాయి.

నా జన్యు పరీక్షకు రక్తం తీశారు. తీసింది మొదటి మాత్ర వేసుకున్న రోజే. రిపోర్టు ఆరో రోజుకల్లా కంప్యూటర్లోకి వచ్చేసింది, అప్పటికింకా నాకు ఏ బాధా లేదు. పీడీఎఫ్ రూపంలో, జన్యు పరీక్షల ఫోల్డర్‌లో పడి ఉంది. పదో రోజు నేను వార్డులో చేరాకే డ్యూటీ డాక్టర్ గారు దాన్ని తెరిచారు. నాలుగు పేజీల రిపోర్టులో మూడో పేజీ కింద ఉంది అసలు సంగతి: డీపీవైడీ జన్యువులో ఎంజైమ్‌ను బలహీనపరిచే సి.2846ఏ>టి మార్పు ఒక కాపీలో ఉంది, ఎంజైమ్ పనితనం చెప్పే యాక్టివిటీ స్కోరు (రెండు కాపీలూ బాగుంటే 2) 1.5, మోతాదు సగంతో మొదలుపెట్టాలి.

జన్యువును బట్టి మందు అనే ప్రెసిషన్ మెడిసిన్‌ను దేశమంతటి వైద్య వ్యవస్థలోకి తేవడమంటే ఎక్కువమందికి ఖరీదైన సీక్వెన్సింగ్ మెషీన్లు కళ్ల ముందు మెదులుతాయి. నా విషయంలో మెషీన్ పని మెషీన్ చేసింది, ఫలితమూ సరిగ్గానే వచ్చింది. ఆ ఫలితానికీ నా మాత్రల చీటీకీ మధ్య దారి లేదు. ఆ దారి వేయడమే అసలు కష్టమైన పని, దానికి కావాల్సినవి చిన్న చిన్న నిర్ణయాలు.

మొదటిది, పరీక్ష ఎప్పుడు రాయాలన్నది. ఆపరేషన్‌కీ కీమోకీ మధ్య మామూలుగా ఆరు నుంచి ఎనిమిది వారాలు దొరుకుతాయి. పేథాలజీ రిపోర్టు వచ్చిన రోజే డీపీవైడీ పరీక్ష రాసేస్తే ఫలితం కోసం ఎవరూ ఎదురుచూడక్కర్లేదు. మందు చీటీతోపాటు రాస్తే మాత్రం పేషెంటు ఆగలేడు, డాక్టరూ ఆపలేడు. పీసీఆర్‌తో ఈ పరీక్ష చేయడానికి పట్టేది గంటలే. కానీ ల్యాబ్ ఒక్క శాంపిల్ కోసం మెషీన్ నడపదు, ఒక ప్లేటు నిండేదాకా ఆగుతుంది. అందుకే గంటల పని వారమవుతుంది. శాంపిళ్లు తక్కువొచ్చే పది ల్యాబులకన్నా, ఎక్కువొచ్చే ఒక్క ల్యాబ్ త్వరగా ఫలితమిస్తుంది. ఇంగ్లండ్ తన జన్యు పరీక్షలను ఏడు ప్రాంతీయ ల్యాబ్ కేంద్రాల కిందికి తెచ్చి, ఏ జబ్బుకు ఏ పరీక్ష చేయాలో దేశమంతటికీ ఒకే పట్టిక పెట్టుకుంది.

శాంపిల్ తీయడం సులువే. ఈడీటీఏ ట్యూబులో కొద్దిగా రక్తం చాలు, డీఎన్ఏ త్వరగా పాడవదు. కానీ చీటీ మీద రెండు ప్రశ్నలు తప్పకుండా ఉండాలి. ఎముక మూలుగ మార్పిడి జరిగిందా? జరిగితే రక్తంలో కనిపించేది దాత జన్యువు. కాలేయ మార్పిడి జరిగిందా? జరిగితే రక్తం పేషెంటుదే, మందును విరగ్గొట్టే కాలేయం మాత్రం ఇంకొకరిది.

రెండో నిర్ణయం ఏ మార్పుల కోసం వెతకాలన్నది. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. చాలా దేశాల్లో చూసేవి నాలుగే: సి.1905+1జి>ఏ, సి.1679టి>జి, సి.2846ఏ>టి, హ్యాప్‌బీ3. ఈ నాలుగూ ప్రధానంగా ఐరోపా మూలాలున్న వాళ్ల మీద జరిగిన అధ్యయనాల్లోంచి వచ్చాయి. ఆఫ్రికా మూలాలున్న వాళ్లలో కనిపించే సి.557ఏ>జి వీటిలో లేదు. కాబట్టి "మార్పులేవీ కనబడలేదు" అన్న వాక్యానికి అర్థం "వెతికిన నాలుగూ కనబడలేదు" అని మాత్రమే. దాన్ని "ఎంజైమ్ బాగుంది" అని చదువుకుంటే ప్రమాదం. ఒక దేశం ఈ పరీక్ష పెట్టుకునేటప్పుడు తన జనంలో ఏ మార్పులున్నాయో ముందు చూసుకోవాలి, పక్క దేశం జాబితాను తెచ్చి అంటించుకోకూడదు.

ఫ్రాన్స్ వేరే దారి పట్టింది. 2018 చివర్లో అక్కడి సంస్థలు జన్యువుకు బదులు రక్తంలో యురాసిల్ కొలవమన్నాయి. డీపీడీ ఎంజైమ్ ఒంట్లో సహజంగా విరగ్గొట్టేది యురాసిల్‌నే కాబట్టి, అది పేరుకుపోతే ఎంజైమ్ మందగించినట్టు. మిల్లీలీటరుకు 16 నానోగ్రాములు దాటితే పాక్షిక లోపం, 150 దాటితే పూర్తి లోపం. చీటీలో ఈ ఫలితం చూసినట్టు డాక్టరు రాస్తేనే అక్కడ ఫార్మసీ మందిస్తుంది. ఈ పద్ధతిలో ఎవరి పూర్వీకులు ఎక్కడివాళ్లన్నది అడ్డురాదు, అందుకే నాకిది నచ్చింది. కానీ తీసిన రక్తాన్ని గదిలో అలా వదిలేస్తే ట్యూబులోనే యురాసిల్ పెరుగుతుంది. గది వేడిలో ఐతే గంటన్నరలోపు, 4 డిగ్రీల చల్లదనంలో ఐతే నాలుగు గంటలలోపు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి ప్లాస్మా వేరు చేయాలి. దూరపు ఊళ్ల నుంచి పెట్టెలో శాంపిల్ పంపితే ఏమీ లేనివాళ్లకూ లోపం ఉన్నట్టు వస్తుంది, అనవసరంగా మోతాదు తగ్గి వైద్యమే బలహీనమవుతుంది. కిడ్నీలు చెడినవాళ్లలోనూ ఈ అంకె పెరుగుతుంది. ఐరోపా మందుల నియంత్రణ సంస్థ 2020లో వైద్యానికి ముందే పరీక్ష చేయమని చెబుతూ రెండు పద్ధతుల్నీ ఒప్పుకుంది.

మూడోది రిపోర్టు రూపం. పీడీఎఫ్‌ను మనిషి చదవగలడు, ఫార్మసీ సాఫ్ట్‌వేర్ చదవలేదు. యాక్టివిటీ స్కోరు 0, 0.5, 1, 1.5, 2 అని ఒక గడిలో అంకెగా వస్తే, కాపెసిటబైన్ రాసిన క్షణంలో కంప్యూటర్ ఆ గడి చూసుకోగలదు. 2 ఐతే పూర్తి మోతాదు. 1 లేదా 1.5 ఐతే సగం. అంతకు తక్కువైతే ఈ మందు జోలికి పోకూడదు. గడి ఖాళీగా ఉంటే చీటీ ముందుకు కదలకూడదు. ఊరికే హెచ్చరిక చూపిస్తే సరిపోదు. రోజుకు వంద హెచ్చరికలు చూసే మనిషి వంద సార్లూ సరే నొక్కేస్తాడు. ఆపే అధికారం ఫార్మసిస్టు చేతిలో ఉండాలి. మూర్ఛకు వాడే కార్బమజెపైన్ కొందరి చర్మాన్ని ప్రాణాంతకంగా దెబ్బతీస్తుంది; ఆ ప్రమాదం ఎవరికుందో చెప్పే హెచ్ఎల్ఏ-బి*15:02 జన్యు పరీక్ష ఖర్చును తైవాన్ జాతీయ బీమా 2010 నుంచి భరిస్తోంది. ఒక మందు, ఒక జన్యువు, ఒక ప్రశ్న. ఏ దేశమైనా ఇంత చిన్నగా మొదలుపెడితేనే దారి సరిగ్గా పడుతుందని నా నమ్మకం.

నా న్యూట్రోఫిల్స్ ఇరవయ్యో రోజుకి 1000 దాటాయి. నోరు మానడానికి ఇంకో వారం పట్టింది. రెండో సైకిల్ పూటకు 1000 మి.గ్రా.తో, అంటే రెండు మాత్రలతో మొదలైంది. ఎనిమిదో రోజు, పదిహేనో రోజు రక్త పరీక్ష. ఏ ఇబ్బందీ లేదు. సగం మోతాదుతోనే ఆగిపోకూడదు, ఎందుకంటే ఒకే స్కోరున్న ఇద్దరిలో ఎంజైమ్ ఒకే తీరుగా ఉండదు, అవసరానికన్నా తక్కువ మందు ఇస్తే క్యాన్సర్ తిరగబెట్టే భయం ఉంది. అందుకని నాలుగో సైకిల్‌లో 1300కు పెంచారు, 500వి రెండు, 150వి రెండు. అరికాళ్లు ఎర్రబడి, నడుస్తుంటే నొప్పి పుట్టింది. మానేదాకా ఆపి, 150 మాత్ర ఒకటి తీసేసి 1150 దగ్గర నిలబెట్టారు. మిగిలిన సైకిళ్లన్నీ దాంతోనే నడిచాయి.

ఏడాదికి చేసిన కొలనోస్కోపీలో, సీటీలో ఏమీ కనబడలేదు, క్యాన్సర్ తిరగబెట్టిందేమో చూసే రక్త పరీక్ష సీఈఏ మామూలుగా ఉంది. తోబుట్టువులకూ సంగతి చెప్పాను, వాళ్లలో ఒక్కొక్కరికీ ఈ మార్పు ఉండే అవకాశం సగానికి సగం. నా కేస్ సమ్మరీలో "మందుల అలర్జీలు" అన్న గడిలో ఇప్పుడు ఒక వాక్యం ఉంది: డీపీవైడీ స్కోరు 1.5, ఫ్లోరోయురాసిల్, కాపెసిటబైన్ సగంతో మొదలుపెట్టాలి. ఇది అలర్జీ కాదని డాక్టర్ గారికీ తెలుసు, నాకూ తెలుసు. కానీ మందు రాసే ముందు ఎవరైనా తప్పకుండా చూసే గడి ప్రస్తుతానికి అదొక్కటే, అందుకే అక్కడ రాయమని అడిగాను.