ప్రశ్నోత్తరాల టైంలో మా నాయిన

మొన్న దేవరకొండలో చాయ్ హోటల్ దగ్గర ఫోన్‌లో అసెంబ్లీ లైవ్ పెట్టాను. పక్కనే మా నాయిన, సాసర్‌లో చాయ్ పోసుకుని ఊదుకుంటున్నాడు. ఎస్సెల్బీసీ మాట వినగానే సాసర్ అట్లాగే పట్టుకుని ఫోన్ మీదికి వంగాడు.

ఎస్సెల్బీసీ అంటే శ్రీశైలం ఎడమగట్టు కాలువ, మా నల్గొండ వైపు కృష్ణా నీళ్లు తేవాల్సింది. దానికోసం దాదాపు 44 కిలోమీటర్ల సొరంగం. 2005లో మంజూరైనప్పుడు నేను ఏడో తరగతి. 2025 ఫిబ్రవరి 22న పైకప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకున్న రోజు మా ఇంట్లో టీవీ ఆపలేదు.

ఎంత ఖర్చయింది, ఇంకెంత కావాలి, ఎప్పటికి అవుతుంది అని సభ్యుడు అడిగాడు. మంత్రి కాగితం చూసి చదివారు. నక్షత్రం గుర్తు ప్రశ్న, అంటే మంత్రి సభలో నోటితోనే జవాబు చెప్పాల్సింది, కాబట్టి ఆ జవాబు మీద అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. అసలు పస అక్కడే, నాకైతే క్రికెట్ కంటే టెన్షన్. అంతలో అవతలి బెంచీల నుంచి అరుపులు. స్పీకర్ "కూర్చోండి, కూర్చోండి" అంటూ తర్వాతి ప్రశ్న పిలిచేశారు.

ఫ్లోరైడ్ నీళ్లకు గారపట్టిన పళ్లతో నాయిన నవ్వాడు.

"కోట్లు ఇనపడ్డయి గనీ, నీళ్లెప్పుడొస్తయో ఇనపడలే. జర ఎనక్కి తిప్పు."

లైవ్ నాయినా, తిరగదు అన్నాను. చల్లారిన చాయ్ పారబోసి ఇంకోటి చెప్పాడు.