అమ్మకు వచ్చిన కలిమా

నాయనకు గుండె ఆపరేషన్ జరుగుతున్నప్పుడు అమ్మ ఆసుపత్రి వరండాలో కూర్చుని, ఆయన లేచి తిరిగితే ఉమ్రా (మక్కా యాత్ర) చేస్తానని అల్లాహ్‌కు మొక్కుకుంది. అల్‌హమ్దులిల్లాహ్, నాయన ఇప్పుడు ప్రొద్దుటూరులో మళ్లీ అంగడి చూసుకుంటున్నాడు. అమ్మా నేనూ మొన్ననే మక్కా నుంచి తిరిగొచ్చాం.

మాది దూదేకుల ఇల్లు. ఇంట్లో అంతా తెలుగే. అమ్మకు అరబ్బీ చదవడం రాదు. "లా ఇలాహ ఇల్లల్లాహ్, ముహమ్మదుర్రసూలుల్లాహ్" (అల్లాహ్ తప్ప దేవుడు లేడు, ముహమ్మద్ ఆయన ప్రవక్త) అనే కలిమా, అల్లాహ్ ఒక్కడే అని చెప్పే ఖురాన్ అధ్యాయం సూరా ఇఖ్లాస్, మరో రెండు మూడు చిన్న సూరాలు మా అవ్వ చెబుతుంటే విని నేర్చుకున్నవే. అందరూ పుస్తకాలు పట్టుకుని పెద్ద పెద్ద దువాలు (వేడుకోళ్లు) చదువుతారు, నాకేమొస్తుందిరా అని ఆమెకు ఒకటే టెన్షన్. యాత్రికులు ఉమ్రా సంకల్పం చేసుకోవాల్సిన హద్దు యలమ్లమ్ దగ్గరికి విమానం వస్తోందని చెప్పగానే నియ్యత్ (సంకల్పం) చేసుకుని, యాత్రికులు పలికే తల్బియా అందుకున్నాం. "లా షరీక లక" (నీకు సాటి ఎవరూ లేరు) అనే చోట మాత్రం అమ్మ గొంతు గట్టిగా పలికేది.

తవాఫ్‌లో, అంటే కాబా చుట్టూ తిరిగేటప్పుడు, జనం సంగతి చెప్పకుండా ఉండలేను. కాబా మూలనున్న నల్లరాయి హజ్రె అస్వద్ దగ్గర ముసలీ ముతకా అని కూడా చూడకుండా మోచేతులతో తోసేస్తున్నారు. కొందరు కాబాకు వీపు పెట్టి వీడియోలు తీసుకుంటున్నారు. ప్రవక్త (స) సహచరుడు హజ్రత్ ఉమర్ ఆ రాయితోనే అన్నారు: నువ్వు రాయివని నాకు తెలుసు, మేలూ చేయలేవు, కీడూ చేయలేవు, ప్రవక్త (స) ముద్దు పెట్టుకోవడం చూశాను కాబట్టే నేనూ పెట్టుకుంటున్నాను అని. ఆ మాట తెలిసినవాళ్లు దానికోసం సాటి మనిషిని తొక్కుతారా? దూరం నుంచి చెయ్యెత్తినా సరిపోతుంది కదా!

ఆ తోపులాటలోనే అమ్మ మోకాళ్లు సడలి కూలబడబోయింది. నేను పట్టుకునేలోపే వెనక నుంచి ఒక పొడవాటి ఆఫ్రికా మనిషి అడ్డంగా నిలబడి, అమ్మకు తగలకుండా రెండు చేతులూ చాచి, జనం బరువంతా తన వీపు మీద ఆపుకున్నాడు. మెడ నరాలు ఉబ్బిపోయి, చెమట గడ్డం మీదుగా కారుతోంది. మిగిలిన చుట్లన్నీ అలాగే మా వెంట నడిచాడు. అతని నోట "లా ఇలాహ ఇల్లల్లాహ్" తప్ప ఇంకో మాట లేదు. కాసేపటికి అమ్మ కూడా అతనితో కలిసి అదే చదవసాగింది. భయం పోయింది.

అతన్ని చూస్తే ప్రవక్త (స) సహచరుడు, ఆఫ్రికా మూలాలున్న హజ్రత్ బిలాల్ గుర్తొచ్చారంది అమ్మ. ఈ మక్కాలోనే కాలే ఇసుక మీద పడుకోబెట్టి గుండెల మీద బండ పెట్టినా "అహద్, అహద్" (ఒక్కడే, ఒక్కడే) అన్న బిలాల్! 630లో మక్కా ప్రవక్త (స) చేతికొచ్చి, కాబా చుట్టూ ఉన్న 360 విగ్రహాలు తొలగిన రోజున కాబా పైకెక్కి అజాన్ (నమాజు పిలుపు) ఇచ్చింది ఆయనే.

తవాఫ్ అయ్యాక, కాబా దగ్గరున్న మఖామె ఇబ్రాహీం వెనక రెండు రకాతుల నమాజు చదివేటప్పుడు ప్రవక్త (స) రెండో రకాతులో చదివింది సూరా ఇఖ్లాసే. సఫా కొండ మీద కాబా వైపు తిరిగి పలికిందీ "లా ఇలాహ ఇల్లల్లాహు వహ్దహు లా షరీక లహ్" అనే. ఈ సంగతి చెప్పగానే అమ్మ "అయితే నాకొచ్చిందేనా!" అని ఏడ్చేసింది. సఫా, మర్వా కొండల మధ్య నడిచే సయీకి వీల్‌చైర్ తీసుకున్నా, సఫా మీద పట్టుబట్టి లేచి నిలబడి చేతులెత్తింది. ముందు నాయన కోసం దువా చేసింది, తర్వాత మా పిల్లల కోసం, ఆ తర్వాత పేరైనా తెలియని ఆ మనిషి కోసం. ఇంటికొచ్చాక కూడా ఐదు పూటలా నమాజులో అతని కోసం అడుగుతూనే ఉంది.