వెనక వైపు

నేను పనిచేసే కేర్ హోమ్‌లో ఉన్న వృద్ధులని అప్పుడప్పుడు బయట తిప్పి తీసుకురావాలి. ఆ రోజు వంతు నాది. తొంభై దాటిన ఆవిడని వీల్‌చైర్లో కూర్చోబెట్టి, కాళ్ల మీద దుప్పటి కప్పి, మాత్రలూ మంచినీళ్లూ సంచీలో సర్దుకుని బయల్దేరాను. వెళ్లాల్సింది ఇంగ్లండ్‌లో మేముండే పోర్ట్స్‌మౌత్‌లోనే, సౌత్‌సీ సముద్రపొడ్డున ఉన్న రెండో ప్రపంచ యుద్ధపు డీ-డే స్టోరీ మ్యూజియంకి. ముందు రోజు పన్నెండు గంటల డ్యూటీ చేసి ఉన్నాను. లోపల ఎక్కడో ఓ బల్ల దొరికి పది నిమిషాలు కూర్చుంటే చాలనిపించింది. నా యుద్ధాలు నాకున్నాయి. వీసా రెన్యువల్, ఏజెంటుకి కట్టడానికి చేసిన అప్పు.

ఆవిడ మాత్రం పొద్దున్నే లిప్‌స్టిక్ వేసుకుని రెడీ. "ట్యాంకులూ తుపాకులూ నాకొద్దు లవ్, కుట్టుపని దగ్గరికి తీసుకెళ్లు" అంది. ఇక్కడి పెద్దవాళ్లు ముక్కూ మొహం తెలియనివాళ్లని కూడా 'లవ్' అనే పిలుస్తారు. వచ్చిన కొత్తలో తెగ సిగ్గుపడేదాన్ని. ఇప్పుడు అనకపోతే ఆవిడకి నా మీద కోపమొచ్చిందేమో అనుకుంటాను.

ఆ కుట్టుపని పేరు ఓవర్‌లార్డ్ ఎంబ్రాయిడరీ. ఓవర్‌లార్డ్ అనేది జర్మనీ మీద మిత్రసేనలు చేసిన దాడికి పెట్టిన రహస్య పేరు. ఆ దాడి మొదలైన రోజే డీ-డే. 1944 జూన్ 6న లక్షన్నర మందికి పైగా సైనికులు ఇంగ్లిష్ ఛానెల్ దాటి ఫ్రాన్స్‌లోని నార్మండీలో దిగారు. సముద్రం మీద వచ్చినవాళ్లు ఐదు బీచ్‌లలో దిగారు. ఆ ఒక్క రోజే మిత్రసేనల వైపు 4,400 మందికి పైగా చనిపోయారు. ఆ కథంతా గుడ్డ మీద కుట్టారు. 34 ముక్కలు, మొత్తం 83 మీటర్ల పొడవు. నాకు మీటర్లలో అంత తొందరగా బుర్రకెక్కదు. చీరలుగా లెక్కేశాను. ఐదున్నర మీటర్ల చీరలు పదిహేను, వరసగా పరిచినట్టు!

దీన్ని చేయించింది డల్వర్టన్ ప్రభువు. విల్స్ సిగరెట్ల కుటుంబం వాళ్లది. మా గోదావరి జిల్లాల్లోనూ గుంటూరు వైపూ పొగాకు పండించిన ఇళ్లలో విల్స్ పేరు వినని ముసలాయన ఉండడు. బొమ్మలు గీసింది సాండ్రా లారెన్స్. కుట్టింది రాయల్ స్కూల్ ఆఫ్ నీడిల్‌వర్క్ వాళ్లు, ఇరవై మంది పనివాళ్లూ ఐదుగురు శిష్యులూ. 1968లో మొదలైన పని 1974కి గానీ పూర్తి కాలేదు. యుద్ధం జరిగిన పాతికేళ్ల తర్వాత ఇంతమంది కూర్చుని ఏళ్ల తరబడి కుట్టడం నాకు వింతగానే అనిపించింది.

అసలు నా నిద్రమత్తు వదిలింది ఆ బొమ్మని గుడ్డ మీదకి ఎలా ఎక్కించారో తెలిశాక. అసలు సైజులో వేసిన బొమ్మని ట్రేసింగ్ కాగితం మీదకి దింపి, గీతల వెంట సూదితో చిల్లులు పొడిచి, దాన్ని గుడ్డ మీద పరిచి పైన పొడి అద్దారట. పదో తరగతి సెలవుల్లో మగ్గం పని నేర్చుకున్నప్పుడు నరసాపురంలో మేమూ చేసింది అదే కదా! కిరోసిన్‌లో పౌడరు కలిపి దూదితో రుద్దేవాళ్లం. ఆ వాసన రెండ్రోజుల పాటు అన్నం ముద్దలో కూడా వచ్చేది.

ఇక బల్ల సంగతి మర్చిపోయి అద్దానికి ముక్కు ఆనించి చూశాను. రంగులు పాడవకుండా లోపల వెలుతురు తక్కువగా పెట్టారు. చాలావరకు ప్యాచ్ వర్కే. సైనికుల ఒంటి మీది ఖాకీ, రంగుదారంతో నింపింది కాదు. యూనిఫాంకి వాడే అసలు గుడ్డనే కత్తిరించి అతికారు. మొహాల దగ్గరికొస్తే నీడకో గుడ్డ, వెలుగుకో గుడ్డ. చెంప ఎముక కింద గోరంత ముక్క ఒకటి, రంగు కాస్త తక్కువది. దాంతోనే ఆ కుర్రాడికి భయం వచ్చేసింది. రాజుగారూ ప్రధాని చర్చిల్‌గారూ ఉన్న ముక్క దగ్గర జనం ఫొటోలు తీసుకుంటున్నారు. ఆవిడ అక్కడ ఆగనివ్వలేదు. "వాళ్లకి విగ్రహాలున్నాయిగా, పద" అంది.

ఆవిడ ఆగింది నీళ్లలోకి దిగుతున్నవాళ్ల దగ్గర. డీ-డే నాటికి ఆవిడకి పదకొండేళ్లట. వాళ్ల వీధి పొడవునా మిలిటరీ లారీలు నిలబెట్టి ఉండేవట. వాళ్లమ్మ టీ పెట్టిస్తే కప్పులు పట్టుకెళ్లి ఇచ్చేది. ఒకరోజు పొద్దున్న లేచేసరికి వీధి ఖాళీ. "మా కప్పులు రెండు వాళ్లతోనే పోయాయి" అంది. అంతే, ఇంకేం చెప్పలేదు. కాసేపాగి ఒక సైనికుడి భుజం దగ్గరి అంచు వైపు వేలు చూపించి, "ఈ మూల తిప్పడం చూడు, ఎక్కడా ముడతే లేదు" అంది.

అప్పుడు తెలిసింది నాకు, ఆవిడ పెళ్లికి ముందు కార్సెట్ ఫ్యాక్టరీలో కుట్టేదని. నడుం బిగించే ఆ లోదుస్తులకి ఒకప్పుడు పోర్ట్స్‌మౌత్ పెట్టింది పేరు. ఆవిడకి స్నానం చేయించిన రోజులు లెక్కపెట్టలేను. అయినా ఆవిడ చేతులు ఏ పని చేశాయో ఎప్పుడూ అడగలేదు. కేర్ ప్లాన్‌లో కూడా ఆ ముక్క లేదు. ఏ మాత్ర ఎప్పుడేయాలో, ఎటు పక్కకి తిప్పి పడుకోబెట్టాలో ఉంటుంది.

"వెనక వైపు చూస్తే గానీ పని తెలీదు. అద్దం పెట్టేశారు" అని ఆవిడ గొణుక్కుంది. మా అమ్మ కూడా అచ్చం ఇంతే. ఎవరి బ్లౌజు చూసినా ముందు తిరగేస్తుంది.

రాత్రి అమ్మకి ఫోన్ చేసి అంతా చెప్పాను. అమ్మ ఇప్పటికీ లేసు అల్లుతుంది. ఇచ్చిన దారానికి ఇంతని కూలి. అన్నీ విని, "మరి ఆ కుట్టినోళ్లకి ఎంతిచ్చారంట?" అంది. చచ్చిపోయిన కుర్రాళ్ల గురించి చెబుతుంటే కూలి గురించి అడుగుతుందేంటని విసుక్కున్నాను. ఫోన్ పెట్టేశాక మాత్రం నాకూ అదే తెలుసుకోవాలనిపించింది.

ఇంకో సంగతి. నాతో నైట్ చేసే అమ్మాయి ఒక వీడియో చూపించింది. 2013 సెప్టెంబరు 21న నార్మండీలోని అరోమాంష్ బీచ్‌లో, ఆనాడు అన్ని వైపులా చనిపోయినవాళ్ల గుర్తుగా ఇసుకలో 9,000 మనిషి ఆకారాలు దించారు. ఇద్దరు ఆర్టిస్టులు మొదలుపెడితే వందల మంది వచ్చి చేతులు కలిపారు. పోటు వచ్చి అన్నిటినీ తుడిచేసింది. చూడగానే గుండె పట్టేసింది. అయినా నా ఓటు గుడ్డకే. సముద్రం పక్కన పుట్టినదాన్ని, అలొచ్చి చెరిపేయడం నాకు కొత్త కాదు.

మర్నాడు డ్యూటీకి వెళ్తూ అమ్మ అల్లిచ్చిన టేబుల్ లేసు సంచీలో పెట్టుకున్నాను. ఇక్కడికొచ్చిన దగ్గర్నుంచీ సూట్‌కేసులోనే ఉండిపోయింది. సాయంత్రం మాత్రలిచ్చాక ఆవిడ ఒళ్లో పెట్టాను. కళ్లద్దాలు తుడిచి ఇమ్మంది. ముందు వైపు చూడనైనా చూడలేదు, నేరుగా తిరగేసింది. బొటనవేలితో వరస వరసే తడుముతూ పోయి ఒక పువ్వు దగ్గర ఆగింది.

"ఇక్కడ దారం అయిపోయింది మీ అమ్మకి. కొత్త దారం ముడేసింది."

ఫోన్లో ఆ మాట చెబితే అమ్మ ఊరుకుంటుందా? "ఆ పువ్వు నేనల్లింది కాదే, మీ పిన్నిది" అంది.