చేతిలో ఇమిడే ఆట, ఒకరి చేతిలో లేని కబుర్ల చోటు

పెద్ద స్క్రీన్ ముందు కూర్చుని ఆడటం కంటే చేత్తో పట్టుకుని ఆడే కన్సోలే నాకు ఎక్కువ ఇష్టం, దానికి మొదటి కారణం స్లీప్ బటన్. ఆటలోని బాస్‌తో, అంటే పెద్ద శత్రువుతో, ఫైట్ మధ్యలో ఎవరైనా పిలిస్తే నొక్కేసి లేచిపోవచ్చు, రాత్రికి మళ్లీ నొక్కితే అదే బాస్ ఎత్తిన కత్తి ఎత్తినట్టే నిలబడి ఉంటాడు. ఆన్‌లైన్ మ్యాచ్‌లకి ఇది కుదరదు, సర్వర్ మనకోసం ఆగదు కదా. ఒంటరిగా ఆడే ఆటలకి మాత్రం ఇంతకన్నా సుఖం లేదు.

2022లో వచ్చిన స్టీమ్ డెక్ అనే చేతి కన్సోల్ ఎల్‌సీడీ మోడల్‌లో స్క్రీన్ రిఫ్రెష్ రేటుని (తెర మీద బొమ్మ, అంటే ఫ్రేము, సెకనుకి ఎన్నిసార్లు మారగలదో ఆ లెక్క) 60 నుంచి 40 హెర్ట్జ్‌కి దించొచ్చు. 40 అనగానే 30కి దగ్గరే కదా, పెద్ద తేడా ఏముంటుంది అనిపిస్తుంది గానీ లెక్క వేసి చూడండి: 30 దగ్గర ఒక్కో ఫ్రేము 33.3 మిల్లీసెకన్లు నిలుస్తుంది, 60 దగ్గర 16.7, 40 దగ్గర 25, అంటే సరిగ్గా ఆ రెండింటికీ నట్టనడుమ. కంటికి హాయిగా ఉంటుంది, బ్యాటరీ ఇంకాస్త ఎక్కువసేపు వస్తుంది, ఫ్యాన్ గోల తగ్గుతుంది.

బ్యాటరీ కోసం తెర మీది బొమ్మ నాణ్యతలో కొంత వదులుకోవడం పాత పద్ధతే. 1989 నాటి గేమ్‌బాయ్‌కి రంగుల్లేవు, బ్యాక్‌లైట్ లేదు, 160 బై 144 పిక్సెళ్ల తెర మీద నాలుగే ఛాయలు. అదే ఏడాది వచ్చిన అటారీ లింక్స్‌కి రంగులూ లైటూ రెండూ ఉన్నాయి, కానీ ఆరు బ్యాటరీల్ని కొన్ని గంటల్లోనే తాగేసేది. నాలుగు బ్యాటరీలతో అంతకంటే చాలా ఎక్కువసేపు నడిచిన గేమ్‌బాయే జనం చేతుల్లో నిలిచింది (దాని మీద ఆడిన టెట్రిస్ ఆట పుణ్యం కూడా చాలా ఉంది లెండి).

ఆ 40 ఫ్రేముల సంగతి నాకు మాస్టొడాన్ అనే సోషల్ నెట్‌వర్క్‌లో ఎవరో చెబితేనే తెలిసింది. అక్కడ మాట్లాడుకోవడం నాకు ఎందుకింత నచ్చుతుందంటే, అంతా ఒకే కంపెనీ సర్వర్ మీద ఉండదు, ఎవరైనా సొంత సర్వర్ పెట్టుకుని నడుపుకోవచ్చు, యాక్టివిటీపబ్ అనే ఉమ్మడి ప్రోటోకాల్ (సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి) వల్ల ఒక సర్వర్‌లోవాళ్లు ఇంకో సర్వర్‌లోవాళ్లతో మాట్లాడుకోగలరు. ఆ ప్రోటోకాల్‌ని వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ 2018లో ప్రమాణంగా ఆమోదించింది. అదే ప్రోటోకాల్ వాడే లెమ్మీ అనే చర్చావేదికలో ఎవరో పెట్టిన పోస్టుకి మాస్టొడాన్ నుంచే జవాబు రాయొచ్చు. ఆట ముగింపు గురించి రాసేవాళ్లు పైన ఆట పేరు మాత్రం పెట్టి మిగతాది కంటెంట్ వార్నింగ్ వెనక దాచేస్తారు, చూడాలనుకున్నవాళ్లే నొక్కి చదువుతారు. ఆ మర్యాద నాకు చాలా ఇష్టం.

లోటు లేకపోలేదు. సర్వర్ మారితే ఫాలోవర్లు మనతో వస్తారు, పాత పోస్టులు మాత్రం పాతచోటే ఉండిపోతాయి. నడిపేవాళ్లు అలిసిపోయి సర్వర్ మూసేస్తే ఏళ్ల తరబడి రాసుకున్న చిట్కాలన్నీ పోతాయి, నాకైతే అది నిజంగా బాధే. అందుకే కొత్తగా చేరేవాళ్లు ముందు ఆ సర్వర్ నియమాలు, ఖర్చు ఎవరు భరిస్తున్నారన్నది చదవండి, అప్పుడప్పుడూ మీ డేటా ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి. ఏం చూడాలో చెప్పే అల్గారిథమ్ హోమ్ టైమ్‌లైన్‌లో ఉండదు కాబట్టి మొదట్లో ఖాళీగా కనిపిస్తుంది; మీరు ఆడే ఆట పేరుతో హ్యాష్‌ట్యాగ్ ఫాలో అవ్వండి, మనుషులు దొరుకుతారు.