ఇంప్లాంట్‌కి ముందు ఎముక వేయాలా, అక్కర్లేదా?

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు మన తెలుగువాళ్లలో పుచ్చిపన్ను పీకించేసి, ఏళ్లు గడిచాక ఇంప్లాంట్ (దవడ ఎముకలో బిగించే కృత్రిమ పంటి వేరు) కోసం వచ్చేవాళ్లు ఎక్కువ. డాక్టరు "ఎముక చాలదు, గ్రాఫ్ట్ వేయాలి" (అంటే లోటున్న చోట ఎముక నింపాలి) అనగానే డబ్బు కోసమేమోనన్న అనుమానం పుడుతుంది. అది తీరాలంటే ఒక్క మాట అడగండి: నా ఎముక ఎన్ని మిల్లీమీటర్లుంది?

దీనికి జవాబు రెండు దవడలూ ఒకే బొమ్మలో చూపే ఓపీజీ ఎక్స్‌రేలో దొరకదు. అందులో ఎత్తు ఉజ్జాయింపుగానే తెలుస్తుంది, వెడల్పు అసలు కనబడదు. దవడను మూడు కొలతల్లోనూ చూపే సీబీసీటీ స్కాన్ కావాలి. మీ ఊళ్లో లేకపోతే బరంపురమో విశాఖో వెళ్లినప్పుడు తీయించుకుని, ఫిల్ముతో పాటు సీడీ కూడా అడిగి తెచ్చుకోండి. డాక్టరు కావలసిన చోట ఎముకను అడ్డంగా కొలవగలిగేది సీడీలోనే.

ముందు వెడల్పు. ఇంప్లాంట్ 4 మి.మీ. లావుంటే లోపలివైపు కనీసం 1, పెదవి లేదా బుగ్గ వైపు దాదాపు 2 మి.మీ. ఎముక మిగలాలి. అంటే 7 మి.మీ. ఉంటే దిగుల్లేదు. 5, 6 ఉంటే సన్నటి ఇంప్లాంట్ పెట్టవచ్చు, లేదా ఇంప్లాంట్‌తో పాటే పక్కన గ్రాఫ్ట్ వేయవచ్చు. 4 కన్నా తక్కువైతే సాధారణంగా ముందు ఎముక వేసి, 4 నుంచి 6 నెలలు ఆగాలి. బయటి గోడ పలచగా వదిలేస్తే అది కరిగిపోయి, చిగురు దిగి, ఇంప్లాంట్ మరలు బయటపడతాయి.

ఎత్తు సంగతి దవడను బట్టి మారుతుంది. కింది దవడలో నరం నడిచే కాలువకి పైన 2 మి.మీ. వదలాలి, లేకపోతే పెదవి తిమ్మిరెక్కి అలాగే ఉండిపోవచ్చు. అక్కడ 10 మి.మీ. ఉంటే 8 మి.మీ. ఇంప్లాంట్ చాలు. కింద వెనక భాగంలో ఎత్తు పెంచే గ్రాఫ్ట్ కష్టమైనది, కుట్లు విచ్చుకునే ప్రమాదమూ ఎక్కువ. పొట్టి ఇంప్లాంట్ కుదిరే చోట ఆ దారే మేలని మా గట్టి అభిప్రాయం. పై దవడ వెనక భాగంలో అడ్డొచ్చేది సైనస్, అంటే పళ్ల పైన ఎముకలో ఉండే గాలి గది. దాని కింద 5 నుంచి 8 మి.మీ. ఉంటే ఇంప్లాంట్ రంధ్రంలోంచే సైనస్ లోపలి పొరను కాస్త ఎత్తుతారు. అంతకన్నా తక్కువైతే పక్కనుంచి కిటికీ తెరిచి ఎముక నింపాలి, 6 నుంచి 9 నెలలు ఆగాలి. ఈ పనిలో ఎక్కువగా జరిగే పొరపాటు సైనస్ పొర చిరగడం.

వేసేది ఏ ఎముకో కూడా ముందే అడగండి. సొంత దవడది కావచ్చు, శుద్ధి చేసిన ఆవు ఎముక కావచ్చు, కృత్రిమం కావచ్చు. గ్రాఫ్ట్ పైన కప్పే పొర కొన్నిసార్లు పంది నుంచి తీసినది. అభ్యంతరముంటే చెప్పండి, కృత్రిమ పదార్థాలున్నాయి.

గ్రాఫ్ట్ పాడయ్యేది ఎక్కువగా కుట్లు విచ్చుకోవడం వల్ల. చిగురును బిగలాగి కుట్టినా, పైన కట్టుడు పళ్ల సెట్టు నొక్కినా విచ్చుకుంటుంది. మన వైపు గుడాకు పెద్ద బెడద: చిగుళ్ల మీద రుద్దే ఆ పొగాకు నేరుగా గాయం మీదే పడుతుంది. రెండు వారాల ముందు నుంచి, ఎముక కట్టే నెలలన్నీ మానాలి, సిగరెట్టూ అంతే. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు చెప్పే పరీక్ష) 8 శాతం దాటితే ముందు షుగరు అదుపు చేసుకోండి. ఎముకలు గట్టిపడటానికి ఇంజెక్షన్లు తీసుకుంటుంటే తప్పకుండా చెప్పండి, దవడ ఎముక కుళ్లే ప్రమాదముంది.

పన్ను ఇంకా పీకించని వాళ్లకి అవకాశం చేతిలోనే ఉంది. పీకిన మొదటి ఏడాదిలో వెడల్పు సుమారు సగం తగ్గుతుంది, అందులో ఎక్కువ భాగం మొదటి 3 నెలల్లోనే. బయటి గోడ విరగకుండా నెమ్మదిగా తీయమనండి. ముందు పళ్ల దగ్గర ఆ గోడ చాలా పలచన, కాబట్టి అక్కడ ఆ రోజే గుంతలో గ్రాఫ్ట్ నింపించుకోవడం మంచిది. నాలుగు గోడలూ గట్టిగా ఉన్న దవడపన్ను గుంతకైతే చాలాసార్లు అదీ అక్కర్లేదు.